ఉబుంటులో ఫ్రీబీఎస్‌డీ కోసం జీసీసీ బిల్డ్: లింక్ టెస్టుల దగ్గర ఆగిపోతా ఉండాది

తోతాపురి_టెర్మినల్
చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చల్లగదుల ఉష్ణోగ్రత నమోదు చేసే ప్రోగ్రామ్ ఉంది. ఎక్కువ భాగం సీ, కొంచెం సీ++. అక్కడి సర్వర్ ఫ్రీబీఎస్‌డీ 14 (యూనిక్స్ తరహా ఓఎస్), నా ల్యాప్‌టాప్ ఉబుంటు 22.04 (లినక్స్). నడిచే సర్వర్‌లో కంపైల్ చేయనివ్వరు, కాబట్టి క్రాస్ కంపైలర్ (ఒక ఓఎస్‌లో కూర్చుని ఇంకో ఓఎస్‌కి ప్రోగ్రామ్ కట్టేది) కావాలి.

బిన్‌యుటిల్స్ 2.41 (లింకర్ లాంటి పనిముట్లు), జీసీసీ 13.2 (కంపైలర్) తీసుకున్నా. సర్వర్ నుంచి యూఎస్ఆర్ కింది ఇన్‌క్లూడ్, లిబ్ రెండూ ఎస్‌సీపీతో తెచ్చి సిస్‌రూట్‌గా (టార్గెట్ హెడర్లు, లైబ్రరీల కోసం కంపైలర్ వెతికే ఫోల్డర్) పెట్టినా. మొదట టార్గెట్ "ఎక్స్86_64-అన్‌నోన్-ఫ్రీబీఎస్‌డీ" అని ఇస్తే మేజర్ వర్షన్ నంబర్ చెప్పమని కాన్ఫిగర్ ఆపేసింది. చివర 14 చేర్చితే ముందుకు పోయింది. కంపైలర్ అయింది, దాని సహాయక లైబ్రరీ లిబ్‌జీసీసీ కూడా అయింది. జీసీసీ వాళ్ల సీ++ లైబ్రరీ లిబ్‌ఎస్‌టీడీసీ++ కాన్ఫిగర్ కాడ మాత్రం "లింక్ టెస్ట్స్ ఆర్ నాట్ అలౌడ్ ఆఫ్టర్ జీసీసీ_నో_ఎగ్జిక్యూటబుల్స్" అని నిలబడిపోతా ఉండాది. జీసీసీకి ఇచ్చిన ఆప్షన్లు: --విత్-సిస్‌రూట్, --డిజేబుల్-ఎన్ఎల్ఎస్, --డిజేబుల్-షేర్డ్, --ఎనేబుల్-లాంగ్వేజెస్=సీ,సీ++. దీనికి మందేంది?

చంద్రగిరి_కోట
జీసీసీ ఎందుకు? క్లాంగ్ అని ఇంకో కంపైలర్ ఉంది, అది పెట్టుకో, అయిపోతుంది.

కపిలతీర్థం
ఆ సందేశం అసలు లోపం కాదు. ఒక చిన్న ప్రోగ్రామ్‌ని లింక్ చేసి చూడబోతే కుదరలేదు, ఇక లింక్ పరీక్షలు చేయను అని చెబుతోందంతే. ఎందుకు కుదరలేదో బిల్డ్ ఫోల్డర్‌లో టార్గెట్ పేరుతో ఉన్న ఫోల్డర్, అందులో లిబ్‌ఎస్‌టీడీసీ++-వీ3, అందులోని కాన్ఫిగ్.లాగ్‌లో ఉంటుంది. పై ఫోల్డర్‌లో ఇంకో కాన్ఫిగ్.లాగ్ ఉంటుంది, అది కాదు. "ఎల్‌డీ:" (ఎల్‌డీ అంటే లింకర్) అని మొదలయ్యే మొదటి వరుస ఇక్కడ పెట్టు.

పుత్తూరు_కట్టు
బిన్‌యుటిల్స్‌కి ఏ ఆప్షన్లు ఇచ్చినావో చెప్పలేదే? సగం జబ్బులు అక్కడే ఉంటాయి.

తోతాపురి_టెర్మినల్
కపిలతీర్థం అన్నా, ఆ లాగ్‌లో వరుస ఇది: "దిస్ లింకర్ వాజ్ నాట్ కాన్ఫిగర్డ్ టు యూజ్ సిస్‌రూట్స్".
బిన్‌యుటిల్స్‌కి ఇచ్చింది టార్గెట్, ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డర్), --డిజేబుల్-ఎన్ఎల్ఎస్ మాత్రమే.

పుత్తూరు_కట్టు
దొరికింది విరిగిన ఎముక. బిన్‌యుటిల్స్‌కి కూడా --విత్-సిస్‌రూట్ ఇవ్వాల. జీసీసీకి ఇచ్చిన తోవే దీనికీ. జీసీసీ లింకర్‌ని పిలిచిన ప్రతిసారీ --సిస్‌రూట్ అంటించి పంపుతుంది. సిస్‌రూట్ లేకుండా కట్టిన ఎల్‌డీ దాన్ని చూసి తిరగబడుతుంది.

బిన్‌యుటిల్స్ మళ్లీ బిల్డ్ చేసి అదే ప్రిఫిక్స్‌లో ఇన్‌స్టాల్ చెయ్. తర్వాత జీసీసీ బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేసి ఖాళీ ఫోల్డర్‌లో మొదట్నించీ కాన్ఫిగర్ చెయ్. పాత ఫోల్డర్‌లో మేక్ కొడితే పాత లింకర్‌ని చూసి రాసుకున్న జవాబులే వాడుకుంటుంది.

స్వర్ణముఖి
పుత్తూరు చెప్పింది సరే, దానికి రెండు మాటలు కలుపుతా.

ఒకటి, --డిజేబుల్-షేర్డ్ తీసెయ్. లినక్స్ క్రాస్ కంపైలర్ మొదటి దశలో అది పెడతారు, ఎందుకంటే అప్పటికి అక్కడ సీ లైబ్రరీ ఇంకా పుట్టి ఉండదు. ముందు హెడర్లు లేకుండా సగం కంపైలర్, దాంతో జీలిబ్‌సీ (లినక్స్ సీ లైబ్రరీ), మళ్లీ పూర్తి కంపైలర్, అదొక కోడి ముందా గుడ్డు ముందా వ్యవహారం. ఫ్రీబీఎస్‌డీలో ఆ గొడవే లేదు, సీ లైబ్రరీ తయారుగా చేతికొస్తుంది. ఆ ఆప్షన్ వల్లే నీ లోపం ఆలస్యంగా బయటపడింది. అది లేకపోతే లిబ్‌జీసీసీ_ఎస్ షేర్డ్ లైబ్రరీ లింక్ అయ్యేటప్పుడే ఇదే ఎర్రర్ తగిలేది.

రెండు, ఊరికే మేక్ కొట్టకుండా మెట్టు మెట్టుగా పో: మేక్ ఆల్-జీసీసీ, మేక్ ఆల్-టార్గెట్-లిబ్‌జీసీసీ, ఆ రెంటికీ ఇన్‌స్టాల్, చివర్లో మిగతాది. మొదటిది ఆగితే లోపం నీ ఉబుంటులో. రెండోది ఆగితే సిస్‌రూట్‌లో గానీ బిన్‌యుటిల్స్‌లో గానీ. అంతవరకూ బాగుండి లిబ్‌ఎస్‌టీడీసీ++ ఒక్కటే ఆగితే అప్పుడు దాని లాగ్ తెరువు.

రేణిగుంట_జంక్షన్
ఎస్‌సీపీతో తెచ్చినా అన్నావు కదా, అది ఇంకో గుంత. ఎస్‌సీపీ -ఆర్ సిమ్‌లింక్‌లను (ఇంకో ఫైల్‌ని చూపించే గుర్తులు) లింకులుగా ఉంచదు, అవి చూపించే ఫైళ్లను కాపీ చేసి పడేస్తుంది. పైగా నువ్వు తెచ్చింది యూఎస్ఆర్ కింది లిబ్ ఒక్కటే. ఫ్రీబీఎస్‌డీలో అసలు లిబ్‌సీ.ఎస్ఓ.7 ఉండేది రూట్ కింది లిబ్‌లో. రేపు అక్కడ ఆగుతుంది చూడు.

తోతాపురి_టెర్మినల్
రేణిగుంట అన్నా నువ్వు చెప్పినట్టే అయింది. లింకర్ మార్చినాక లిబ్‌జీసీసీ_ఎస్ కాడ "కెనాట్ ఫైండ్ /లిబ్/లిబ్‌సీ.ఎస్ఓ.7 ఇన్‌సైడ్" అని, వెనక నా సిస్‌రూట్ తోవ.

రేణిగుంట_జంక్షన్
యూఎస్ఆర్ లిబ్‌లో ఉన్న లిబ్‌సీ.ఎస్ఓ ని క్యాట్ కొట్టి చూడు. అది లైబ్రరీ కాదు, చిన్న టెక్స్ట్ ఫైలు. "గ్రూప్" అని రాసి బ్రాకెట్లలో /లిబ్/లిబ్‌సీ.ఎస్ఓ.7, దాని పక్కన లిబ్‌సీ_నాన్‌షేర్డ్.ఏ లాంటివి ఉంటాయి. లింకర్‌కి అదొక స్క్రిప్టు. సిస్‌రూట్ లోపల ఉన్న స్క్రిప్టు కాబట్టి, స్లాష్‌తో మొదలయ్యే ఆ తోవలకు ముందు సిస్‌రూట్ తగిలించి వెతుకుతుంది. ఆ ఫైల్‌ను చేత్తో మార్చవద్దు. చాలామంది ఆ గీతలు కొట్టేసి సొంత తోవలు రాస్తారు, తర్వాత సిస్‌రూట్ ఫోల్డర్ పేరు మారిస్తే అంతా చెదిరిపోతుంది. లేని ఫైల్‌ని తెచ్చి పెట్టడమే మందు.

సర్వర్ నుంచి ఏరుకోవడం మానేసి ఫ్రీబీఎస్‌డీ డౌన్‌లోడ్ సైట్‌లో రిలీజెస్, ఏఎండీ64, నీ వర్షన్ ఫోల్డర్‌లో ఉన్న బేస్.టీఎక్స్‌జెడ్ దించుకో. పక్కనే మ్యానిఫెస్ట్ ఫైలు ఉంటుంది, అందులోని షా256 తో సరిచూసుకో. మొత్తం విప్పనక్కర్లేదు. టార్‌కి -సీ తో గమ్యం ఇచ్చి ./లిబ్, ./యూఎస్ఆర్/లిబ్, ./యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్ ఈ మూడే అడుగు. ముందున్న చుక్క, స్లాష్ మరవొద్దు, ఆర్కైవ్‌లో పేర్లు అట్లే ఉంటాయి. విప్పేటప్పుడు "ఇగ్నోరింగ్ అన్‌నోన్ ఎక్స్‌టెండెడ్ హెడర్ కీవర్డ్" అని తెర నిండా వస్తుంది. అది బీఎస్‌డీ టార్ రాసిన ఫైల్ ఫ్లాగుల సంగతి, గ్నూ టార్‌కి అవి తెలియవు. ఫైళ్లకు ఏమీ కాదు.

కాణిపాకం_రూట్
డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలి లినక్స్) చేసేవాళ్లు ఈ విప్పడం, బిల్డ్ చేయడం అంతా లినక్స్ హోమ్ ఫోల్డర్‌లోనే చేయండి. /ఎంఎన్‌టీ/డీ లో చేస్తే నత్త నడక, పైగా సిమ్‌లింక్‌లు, పర్మిషన్లతో తంటా. ఇంకోటి, సోర్సు పెట్టిన ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే కాన్ఫిగర్ "అన్‌సేఫ్ ఎస్‌ఆర్‌సీడిర్ వాల్యూ" అని మొదట్లోనే మొండికేస్తుంది.

చంద్రగిరి_కోట
ఇంత పోరాటం దేనికి అని మళ్లీ అడుగుతా. ఆ సిస్‌రూట్ ఎట్లాగూ వచ్చేసింది. ఉబుంటులో క్లాంగ్, దాని లింకర్ ఎల్ఎల్‌డీ రెండు ప్యాకేజీలు వేసుకో. ఆ తర్వాత క్లాంగ్‌కి --టార్గెట్=ఎక్స్86_64-అన్‌నోన్-ఫ్రీబీఎస్‌డీ14, --సిస్‌రూట్=నీ ఫోల్డర్, -ఎఫ్‌యూజ్-ఎల్‌డీ=ఎల్ఎల్‌డీ ఇచ్చి ఫైలు పేరు కొట్టు. బిల్డ్ చేయాల్సింది ఏమీ లేదు. క్లాంగ్ ఒకే బైనరీలో అన్ని టార్గెట్లూ మోసుకొస్తుంది. రేపు ఆర్మ్ బోర్డు వస్తే ఏఆర్క్64 బేస్.టీఎక్స్‌జెడ్ విప్పి టార్గెట్ పేరు మారిస్తే చాలు, జీసీసీలో అయితే మళ్లీ మొత్తం బిల్డ్.
ఫ్రీబీఎస్‌డీ వాళ్లే 2014లో 10.0 నుంచి ఏఎండీ64 మీద క్లాంగ్‌ని ముఖ్య కంపైలర్ చేసుకున్నారు. 13 వచ్చేసరికి పాత జీసీసీ 4.2.1 బేస్‌లోంచి పూర్తిగా పోయింది. ఊరివాళ్లు నడిచే దారి వదిలి ముళ్లలో ఎందుకు?

కపిలతీర్థం
కొత్త ప్రోగ్రామ్ అయితే నీ మాటే నా మాట. పాత కోడ్ అయితే చూసుకోవాలి. ఫంక్షన్ లోపల ఫంక్షన్ రాసే జీసీసీ ఎక్స్‌టెన్షన్ ఉంటే క్లాంగ్ ఆ ఫైల్‌ని ముట్టుకోదు. తోతాపురీ, మీ కోడ్‌లో అట్లాంటివి ఉన్నాయా?

తోతాపురి_టెర్మినల్
ఉన్నాయన్నా, సెన్సార్ల పట్టికను సార్ట్ చేసే కాడంతా అవే. ఆ కోడ్ నాది కాదు, తిరగరాయడానికి ఇప్పుడు వీలు లేదు. అందుకే జీసీసీ.
మూడు ఫోల్డర్లూ విప్పి మళ్లీ మొదలుపెట్టినా. ఈసారి చివరిదాకా పోయింది!

స్వర్ణముఖి
ప్రోగ్రామ్ మీదికి పోయే ముందు కంపైలర్‌నే నాలుగు ప్రశ్నలు అడుగు.

-ప్రింట్-సిస్‌రూట్ కొడితే నీ ఫోల్డర్ తోవ రావాలి.
-ప్రింట్-ఫైల్-నేమ్=సీఆర్‌టీ1.ఓ (ప్రతి ప్రోగ్రామ్‌కీ మొదట్లో అతికే ముక్క) కొడితే పూర్తి తోవ రావాలి. ఉత్త సీఆర్‌టీ1.ఓ అని నీ మాటే నీకు తిరిగొస్తే దానికి దొరకలేదని అర్థం.
ఒక హలో ప్రోగ్రామ్ కంపైల్ చేసి రీడ్‌ఎల్ఫ్ -హెచ్ కొట్టు. ఓఎస్/ఏబీఐ వరుసలో "యూనిక్స్ - ఫ్రీబీఎస్‌డీ" ఉండాలి. ఎల్ఫ్ హెడర్‌లో ఆ బైటు విలువ 9.
రీడ్‌ఎల్ఫ్ -ఎల్ కొడితే ఇంటర్‌ప్రిటర్ /లిబ్‌ఎగ్జెక్/ఎల్‌డీ-ఎల్ఫ్.ఎస్ఓ.1 అని రావాలి. అక్కడ ఎల్‌డీ-లినక్స్ కనిపిస్తే నువ్వు పిలిచింది ఉబుంటు జీసీసీని.

పుత్తూరు_కట్టు
అక్క చెప్పినదానికి తోడు: కంపైల్ అయ్యేటప్పుడు గ్నూ/స్టబ్స్.హెచ్ అనో ఫీచర్స్.హెచ్ అనో ఎర్రర్‌లో కనబడితే ఉబుంటు హెడర్లు లోపలికి దూరినాయని లెక్క. ఫ్రీబీఎస్‌డీలో ఆ ఫైళ్లు లేవు. ఎన్విరాన్‌మెంట్‌లో సీపాత్, సీ_ఇన్‌క్లూడ్_పాత్, లైబ్రరీ_పాత్ ఏమైనా పెట్టి ఉన్నారేమో చూసి అన్‌సెట్ చెయ్యండి. లేదంటే మేక్‌ఫైల్‌లో ఎవరో -ఐ/యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్ అని రాసి ఉంటారు.

హార్స్‌లీ_చలి
మా దగ్గర కరెంటు ఉన్నట్టుండి పోతుంది. బిల్డ్ మధ్యలో ఆగితే మొత్తం మళ్లీనా? మెమరీ 8 జీబీ.

కాణిపాకం_రూట్
అదే ఫోల్డర్‌లో మేక్ కొడితే ఆగిన చోటి నుంచే పోతుంది. ఆ క్షణంలో రాస్తున్న .ఓ ఫైలు సగంలో మిగిలిపోయి ఉంటే "ఫైల్ ఫార్మాట్ నాట్ రికగ్నైజ్డ్" అంటుంది. దాన్ని ఒక్కదాన్నే తీసేసి మళ్లీ కొట్టు. 8 జీబీకి -జే4 మించొద్దు. సీసీ1ప్లస్ (జీసీసీ లోపలి సీ++ కంపైలర్) దానంతటదే "కిల్డ్" అని చస్తే అది కోడ్ లోపం కాదు, మెమరీ చాలక కెర్నల్ చంపింది. -జే తగ్గించు.

తోతాపురి_టెర్మినల్
స్వర్ణముఖి అక్కా, నాలుగూ సరిగ్గా వచ్చినాయి. హలో ప్రోగ్రామ్ సర్వర్‌లో నడిచింది. ఇప్పుడు అసలు ప్రోగ్రామ్ కంపైల్ చేస్తే సిస్/ఈపోల్.హెచ్ లేదంటోంది. సిస్‌రూట్‌లో ఏదైనా మర్చిపోయినానా?

కపిలతీర్థం
లేదు, సిస్‌రూట్ సరిగ్గానే ఉంది. ఈపోల్ (చాలా పోర్టులను ఒకేసారి కనిపెట్టి ఉండే పిలుపు) లినక్స్ సొత్తు. టార్గెట్ మార్చితే కంపైలర్ వేరే ఓఎస్‌కి బైనరీ రాస్తుందే కానీ, లినక్స్‌కి రాసిన పిలుపులను తిరగరాయదు. ఫ్రీబీఎస్‌డీలో ఆ పని చేసేది కేక్యూ. రెండు మూడు సీరియల్ పోర్టులు, ఒక టైమర్ చూసే ప్రోగ్రామ్‌కి అయితే పోల్ చాలు, అది రెండు చోట్లా ఉంది. అసలు కోడ్ కదిలించకూడదంటే పోర్ట్స్‌లో ఈపోల్-షిమ్ అని లైబ్రరీ ఉంది, కేక్యూ మీద ఈపోల్ వేషం కడుతుంది. నా మాట వింటే పోల్‌కి మార్చు. ఇంకో లైబ్రరీని మోసుకుపోయే పని తప్పుతుంది.

చంద్రగిరి_కోట
ఈ విషయంలో కపిలతీర్థంతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తా. షిమ్ వద్దు.

తోతాపురి_టెర్మినల్
పోల్‌కి మార్చేసినా, చిన్న పనే. ఇప్పుడు ప్యాకేజీలోంచి తెచ్చిన ఒక సీ++ లైబ్రరీతో లింక్ చేస్తే "అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్" వరుసలు బారులు తీరినాయి. అన్నింట్లో ఎస్‌టీడీ::__1:: అని ఉండాది.

స్వర్ణముఖి
ఆ __1 చూడగానే తెలిసిపోతుంది. ఫ్రీబీఎస్‌డీ ప్యాకేజీలు దాదాపు అన్నీ క్లాంగ్ వాళ్ల లిబ్‌సీ++ తో కట్టినవి, దాని పేర్లలో __1 ఉంటుంది. నీ జీసీసీ ఇచ్చేది లిబ్‌ఎస్‌టీడీసీ++. రెండింటి స్ట్రింగ్‌లు, వెక్టర్‌లు లోపల వేరువేరు నిర్మాణం. రెండూ కలవవు, బలవంతంగా లింక్ చేయించినా నడిచేటప్పుడు కూలుతుంది. దారులు రెండే. ఆ లైబ్రరీ సోర్సు తెచ్చి నీ జీసీసీతోనే కట్టు. లేదా సీ++ ఫైళ్లన్నీ చంద్రగిరి చెప్పిన క్లాంగ్‌తో, ఫంక్షన్‌లో ఫంక్షన్ ఉన్న సీ ఫైళ్లు మాత్రం జీసీసీతో కంపైల్ చేసి, చివర లింక్ క్లాంగ్‌తో చెయ్. సీ వైపు ఏబీఐ (కంపైల్ అయిన ముక్కలు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతి) ఒకటే కాబట్టి సీ ఆబ్జెక్ట్ ఫైళ్లు ఇటూ అటూ కలుస్తాయి.

చంద్రగిరి_కోట
చివరికి క్లాంగ్ గడప తొక్కక తప్పలేదు 😄

రేణిగుంట_జంక్షన్
సోర్సు తెచ్చి కట్టేట్టయితే ఆ లైబ్రరీ కాన్ఫిగర్‌కి --హోస్ట్ ఇవ్వాలి, --టార్గెట్ కాదు. బిల్డ్ అంటే నువ్వు కూర్చున్న యంత్రం, హోస్ట్ అంటే తయారైన ప్రోగ్రామ్ నడిచే యంత్రం, టార్గెట్ అనేది కంపైలర్ లాంటి పనిముట్లకే వర్తిస్తుంది. మామూలు లైబ్రరీకి టార్గెట్ ఇస్తే కిమ్మనకుండా ఉబుంటుకే కట్టిపెడుతుంది.
ప్యాకేజీ-కాన్ఫిగ్ కూడా కట్టేయాలి: పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్‌కి సిస్‌రూట్ లోపలి యూఎస్ఆర్/లిబ్‌డేటా/పీకేజీకాన్ఫిగ్, యూఎస్ఆర్/లోకల్/లిబ్‌డేటా/పీకేజీకాన్ఫిగ్ ఇవ్వు. పీకేజీ_కాన్ఫిగ్_సిస్‌రూట్_డిర్‌కి సిస్‌రూట్. లేకపోతే ఉబుంటు లైబ్రరీల తోవలు తెచ్చిపెడుతుంది. యూఎస్ఆర్/లోకల్ హెడర్లకు -ఐ=/యూఎస్ఆర్/లోకల్/ఇన్‌క్లూడ్ అని మధ్యలో సమానం గుర్తు పెట్టి రాస్తే జీసీసీ దాని స్థానంలో సిస్‌రూట్ వేసుకుంటుంది.

తోతాపురి_టెర్మినల్
సోర్సు నుంచే కట్టినా, లింక్ అయింది. సర్వర్‌లో వేస్తే లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్ఓ.6 దొరకలేదంటోంది. ఇంకో సంగతి, వాళ్ల రెండో సర్వర్ ఇంకా 13 లోనే ఉంది. అక్కడ హలో కూడా నడవలేదు, __లిబ్‌సీ_స్టార్ట్1 సింబల్ లేదని.

కపిలతీర్థం
మొదటిదానికి లింక్ చేసేటప్పుడు -స్టాటిక్-లిబ్‌జీసీసీ, -స్టాటిక్-లిబ్‌ఎస్‌టీడీసీ++ రెండూ చేర్చు. లిబ్‌ఎస్‌టీడీసీ++ ఒక్కదాన్నే సర్వర్‌కి కాపీ చేస్తే సరిపోతుందనుకోవద్దు. అక్కడి /లిబ్ లో లిబ్‌జీసీసీ_ఎస్ అనే పేరుతో ఉన్నది ఎల్ఎల్‌వీఎం (క్లాంగ్ ప్రాజెక్టు) వాళ్లది. నీ జీసీసీ ఆశించే సింబల్ వర్షన్లన్నీ అందులో ఉండకపోవచ్చు.

రెండోది సిస్‌రూట్ వయసు సమస్య. 14 సీఆర్‌టీ1.ఓ ప్రతి ప్రోగ్రామ్‌లోకీ __లిబ్‌సీ_స్టార్ట్1 పిలుపు పెడుతుంది. అది ఎఫ్‌బీఎస్‌డీ_1.7 వర్షన్ సింబల్, 13 లిబ్‌సీకి తెలియదు. ఫ్రీబీఎస్‌డీలో పాతదానికి కట్టింది కొత్తదానిలో నడుస్తుంది, కొత్తదానికి కట్టింది పాతదానిలో నడవదు. కాబట్టి రెండు సర్వర్లలో పాతదేదో దాని బేస్.టీఎక్స్‌జెడ్‌నే సిస్‌రూట్ చేసుకో.

పుత్తూరు_కట్టు
అట్లా మార్చేటప్పుడు ఉన్న ఫోల్డర్ మీదే 13 విప్పొద్దు. కొత్త ఫోల్డర్, కొత్త ప్రిఫిక్స్, టార్గెట్ చివర ఫ్రీబీఎస్‌డీ13. కారణం ఉంది. జీసీసీ బిల్డ్ అయ్యేటప్పుడు సిస్‌రూట్‌లోని కొన్ని హెడర్లను సరిచేసి ఇన్‌క్లూడ్-ఫిక్స్‌డ్ అనే ఫోల్డర్‌లో సొంత కాపీలు పెట్టుకుంటుంది, అసలువాటి కంటే ముందు వాటినే చదువుతుంది. సిస్‌రూట్ మార్చి కంపైలర్ పాతదే ఉంచితే 14 హెడర్ ముక్కలు, 13 లైబ్రరీలు కలగాపులగం అవుతాయి. __ఫ్రీబీఎస్‌డీ__ మాక్రో విలువ కూడా టార్గెట్ పేరు చివరి అంకెను బట్టే వస్తుంది.

తోతాపురి_టెర్మినల్
13 సిస్‌రూట్‌తో కట్టిన బైనరీ రెండు సర్వర్లలోనూ లేచింది! అందరికీ పెద్ద దండం. ఒక్కటే మిగిలింది. సెన్సార్ పెట్టెకు పోయే సీరియల్ పోర్ట్ ఓపెన్ చేసే కాడ ప్రోగ్రామ్ కదలకుండా నిలబడిపోతుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. /డెవ్/టీటీవైయూ0 అని మార్చే పెట్టినా.

స్వర్ణముఖి
టీటీవైయూ0 కాదు, సీయూఏయూ0 పెట్టు. టీటీవై పేరుతో తెరిస్తే అవతలి నుంచి క్యారియర్ సంకేతం వచ్చేదాకా ఓపెన్ కదలదు, మూడు తీగలే ఉన్న కేబుల్‌లో ఆ సంకేతం ఎప్పటికీ రాదు. సీయూఏ దానికోసం ఆగదు. ప్రోగ్రామ్ నడిచే యూజర్‌ని డయలర్ గ్రూపులో చేర్చండి, లేకపోతే పర్మిషన్ డినైడ్ వస్తుంది.
బాడ్ రేటు రాసిన చోట కూడా ఒకసారి చూడు. లినక్స్‌లో బీ9600 అనేది ఎనిమిదుల లెక్కలో 15 అనే గుర్తు మాత్రమే, ఫ్రీబీఎస్‌డీలో అదే 9600. ఎవరైనా పేరు రాయకుండా లినక్స్ అంకెను నేరుగా కోడ్‌లో దించి ఉంటే పోర్టు తెరుచుకున్నా డేటా సరిగ్గా రాదు.

తోతాపురి_టెర్మినల్
సీయూఏయూ0 తో తెరుచుకుంది. బాడ్ రేటు బీ9600 అని పేరుతోనే ఉంది. రీడింగులు వస్తా ఉండాయి.